ముందువాళ్ల పిండి

మా మేనత్త చెవిటిది. ఇలా మొహాన కొట్టినట్టు రాస్తే ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు. "వినికిడి కాస్త తక్కువ" అని రాయమంటారు. కాస్త ఏమీ కాదు. వంటింట్లో ఆమె వెనకాల గిన్నె జారి పడితే పక్కింటావిడ ఉలిక్కిపడుతుంది గాని అత్త కదలదు. ఒకసారి వాన మొదలైందని "గొడుగు అత్తా" అన్నాను. "అడుగు మరి, నా దగ్గర మొహమాటమేంటి" అంది.

అలాంటి మనిషి ఇరవై ఆరేళ్లుగా పిండిమర నడుపుతోంది. మర తిరుగుతున్నంతసేపూ ఆమెవి పాముచెవులు. సైకిళ్లు బాగుచేసే కొట్టుకీ ఇస్త్రీ కొట్టుకీ మధ్య ఇరుకు గది. ఇనప డ్రమ్ములో రెండు రాళ్లు, పైన గింజలు పోసే రేకు తొట్టి, కింద పిండి దిగే గుడ్డ గొట్టం, పక్కన మోటారు నుంచి రాళ్ల దాకా సాగిన తోలు పట్టా. బల్బు మీద, గోడ గడియారం మీద, మూలన సాలెగూటి మీద, అత్త కనురెప్పల మీద పిండే. స్విచ్చి వేస్తే ఇస్త్రీ కొట్టులో బొగ్గులు కూడా వణుకుతాయి. మామూలు చెవులున్న మనం అందులోకి అడుగుపెడితే మన మాట మనకే వినిపించదు. అత్తకు మాత్రం అక్కడ అన్నీ వినిపిస్తాయి. వరసలో నాలుగో మనిషి ఐదో మనిషితో చెప్పుకుంటున్న కోడలి సంగతి కూడా విని, డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు ఓ సలహా పారేస్తుంది.

ఇది మాకు వింతగా ఉండేది కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న దాన్ని ఎవరూ వింత అనుకోరు. పైగా దానికో పేరు కూడా పెట్టుకున్నాం: మర మాట. అత్తకు పెద్ద సంగతి ఏదైనా చెప్పాలంటే ఇంట్లో చెప్పం. మర దగ్గరికి వెళ్లి, స్విచ్చి వేసి, అప్పుడు చెబుతాం. నానమ్మ పోయిన సంగతి మర మాట. అత్త కూతురికి, అంటే మా వదినకు, మందుల షాపులో పని దొరికిన సంగతి మర మాట. నేను కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసిన సంగతి కూడా నాన్న అక్కడే చెప్పాడు. వరసలో పదకొండు మంది ఉన్నారు. మర్నాటికల్లా వీధి వీధంతా నా భవిష్యత్తు చూసుకోవడం మొదలుపెట్టింది.

మావయ్య, అంటే అత్త భర్త, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేస్తాడు. ఆయన ఇంట్లో మాట్లాడటం ఎప్పుడో తగ్గించేశాడు. మధ్యాహ్నం మర దగ్గరికి వచ్చి రేకు బల్ల మీద పిండిలో వేలితో "అన్నం?" అని రాస్తాడు. అత్త పక్కనే "ఐదు నిమిషాలు" అని రాసి, అరచేత్తో తుడిచేస్తుంది. వాళ్ల కాపురంలో సగం ఆ బల్ల మీదే నడిచింది. కోపాలు కూడా. ఒకసారి "దున్నపోతు" అని రాసి ఉండగా నేను వెళ్లాను. ఎవరు ఎవరిని అన్నారో ఇప్పటికీ తేలలేదు.

అత్త పనిలో ఒక పద్ధతుంది. కొత్త మనిషి గింజలు తొట్టిలో పోసి మర తిప్పగానే, గుడ్డ గొట్టంలోంచి దిగే మొదటి గుప్పెడు పిండిని పట్టి పక్కన పాత డబ్బాలో వేసేస్తుంది. రాళ్ల మధ్య ముందు మనిషి పిండి కొంచెం మిగిలి ఉంటుంది, అది వీళ్ల పిండిలో కలుస్తుంది. దాన్ని ఆమె "ముందువాళ్ల పిండి" అంటుంది. మొక్కజొన్న పట్టించినవాళ్ల తరవాత గోధుమలు వస్తే రెండు గుప్పెళ్లు తీస్తుంది. "ఎవరిది వాళ్లకే వెళ్లాలి" అంటుంది. వేరే మరల్లో ఎవరూ ఇలా చేయరు. ఆ డబ్బాలో పోగైన పిండంతా సాయంత్రం ఇస్త్రీ కొట్టువాడి కోళ్లకు వెళ్తుంది.

ఇక చెవి సంగతి. అది మా ఇంట్లో బాగా నలిగిన కథ. అత్తకు పంతొమ్మిదేళ్లప్పుడు మర తాతయ్య చేతిలో ఉండేది. ఒకరోజు వంగి గింజలు ఎత్తుతుంటే ఆమె జడ తిరుగుతున్న పట్టా మీదకు జారింది. పక్కనున్న నాన్న జడ పట్టి వెనక్కి లాగి, ఆ కంగారులో చెంప మీద ఒకటి కొట్టాడు. మూడేళ్ల తరవాత అత్తకు వినికిడి తగ్గడం మొదలైంది. అప్పుడు ఎవరో అన్నారట, ఆనాటి దెబ్బేనని. అంతే, అది స్థిరపడిపోయింది. నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా తన కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంటాడు. తరవాత దాన్ని గాల్లో ఊపి, ఎదురుగా ఉన్న మన ఎడమ చెంప దగ్గర ఆపుతాడు. "ఈ చెయ్యేరా" అంటాడు.

నాన్నది రాయి పని. మెట్లు, గడపలు చెక్కుతాడు. మర రాళ్లు అరిగి నున్నబడితే పిండి వేడెక్కుతుంది గాని మెదగదు, అప్పుడు ఉలితో గంట్లు కొట్టి గరుకు చేయాలి. కక్కు కొట్టడమంటారు. నెలకోసారి కొడితే చాలు. నాన్న ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఆదివారం వెళ్తాడు. జ్వరమొచ్చినా వెళ్తాడు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

అసలు మా ఇంట్లో చెవి ఊరికే పోదు, ఎవరో ఒకరు తీసేయాలి. నానమ్మకు కూడా వినిపించేది కాదు. ఆమె చెవులు అత్తను కన్నప్పుడు పోయాయట. "ఇది పుట్టి నా చెవులు పట్టుకుపోయింది" అని నానమ్మ ముద్దుగానే అనేది, కానీ రోజూ అనేది. నానమ్మ వాళ్ల నాన్నకూ వినిపించేది కాదు. ఆయనది కొలిమి పని, కాబట్టి సుత్తి చప్పుడు. ముగ్గురు చెవిటివాళ్లు, మూడు కథలు. మూడూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. వదిన ఒకాయన పంటి నొప్పికి కంటి మందు ఇచ్చేదాకా.

ఆయన "పంటికి" అన్నాడు, ఈమెకు "కంటికి" అని వినిపించింది. ఆయన అంతకంటే ఘనుడు, సీసా మీద ఏముందో చదవకుండా రెండు చుక్కలు పన్ను మీద వేసుకుని, సాయంత్రం తిరిగొచ్చాడు. "అమ్మాయ్, మందు వేశాను. పన్నుకు చూపు రాలేదు, నొప్పీ పోలేదు" అన్నాడట. షాపంతా నవ్వింది. షాపాయన నవ్వలేదు. ఆ నెలలో అది మూడో పొరపాటు. మందుల దగ్గర మూడో పొరపాటంటే మామూలు విషయం కాదని, రేపు ఎవరి ప్రాణం మీదకైనా రావచ్చని, చెవి సంగతి తేల్చుకోకపోతే కౌంటరు మీద నిలబడనివ్వనని, వెనక గదిలో పెట్టెలు సర్దుకోవాల్సి వస్తుందని చెప్పాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. వదిన ఆ కౌంటరు కోసం రెండేళ్లు చదివింది, ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతుంది. పెట్టెలు సర్దే మనిషి కాదు.

ఆమె అప్పటికే ఆరు నెలలుగా ఒక ఆసుపత్రికి తిరుగుతోంది. గులిమి తీశారు, చుక్కలు ఇచ్చారు, ముక్కు మందు ఇచ్చారు. నాకు పనీపాటా లేదు కాబట్టి ఈసారి వేరే చెవుల డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాను. డాక్టరు పెద్దావిడ. పరీక్ష చేయించి, కాగితం చూస్తూ అడిగింది, "మీ ఇంట్లో ఇంకెవరికైనా వినికిడి లోపం ఉందా?"

"లేదండీ" అంది వదిన.

నేను పక్కన కూర్చుని తలూపాను. ఆ తలూపుడు నాకు ఇప్పటికీ సిగ్గే.

"అమ్మగారికి బాగానే వినిపిస్తుందా?"

"అమ్మకు వినిపించదు. అది దెబ్బ తగిలి."

"అమ్మమ్మగారికి?"

"ఆవిడకు కాన్పులో పోయాయి."

"ఆవిడ నాన్నగారికి?"

వదిన నా వైపు చూసింది. "కొలిమి" అన్నాను.

డాక్టరు కలం కింద పెట్టింది. "పాత ఆసుపత్రిలో కూడా ఇలాగే లేదని చెప్పారా?" అని అడిగింది. చెప్పామన్నాం. ఆవిడ కోప్పడలేదు గాని, నాలుగు తరాల్లో నలుగురికి పోతే ఇంట్లో ఎవరికీ లేదని చెప్పే కుటుంబాన్ని మొదటిసారి చూస్తున్నానంది.

తరవాత చెప్పింది. చెవి లోపల మూడు బుల్లి ఎముకలుంటాయి, ఒకదాన్ని ఒకటి తడుతూ చప్పుడును లోపలికి చేరుస్తాయి. చివరిది బియ్యపు గింజలో సగం. కొన్ని కుటుంబాల్లో వయసొచ్చాక ఆ చివరి ఎముక బిగుసుకుపోతుంది, బేరింగు పట్టేసినట్టు. లోపలి నరం బాగానే ఉంటుంది, చప్పుడు అక్కడిదాకా వెళ్లదు. ఇది తరం నుంచి తరానికి దిగుతుంది. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకు దిగే అవకాశం సగానికి సగం. దిగినవాళ్లలో కూడా అందరికీ బయటపడదు, కొందరు మామూలు చెవులతోనే వెళ్లిపోతారు, వాళ్ల పిల్లల్లో మళ్లీ పైకి తేలుతుంది. కాన్పు తరవాత కొందరిలో జోరు పెరుగుతుందంటారు గాని, కాన్పు తెచ్చిపెట్టేది కాదు. ఇలాంటివాళ్లలో కొందరికి రొదలో మాట మరింత బాగా వినిపిస్తుందని కూడా చెప్పింది. రొదలో ఎదుటివాళ్లు గొంతు పెంచుతారు, ఆ రొద మాత్రం వీళ్లకు మనంత వినిపించదు, అందుకని పెంచిన గొంతొక్కటే చెవిన పడుతుంది.

వదినా నేనూ మొహాలు చూసుకున్నాం. మర మాట.

వదినకు ముందు చెవి మిషను, తరవాత కావాలంటే చిన్న ఆపరేషను, కౌంటరు పోగొట్టుకోనవసరం లేదు. కానీ లోపం ఇదేనని గట్టిగా అనుకోవాలంటే అమ్మను కూడా ఒకసారి పరీక్షించాలని ఉందని, తీసుకురమ్మని డాక్టరు చెప్పింది.

అత్త రానంది.

మర మాటగానే చెప్పాం. మొత్తం వింది. "నా చెవి సంగతి అందరికీ తెలిసిందేగా. దానికి మిషన్లెందుకు" అని మా చెవుల దగ్గరకొచ్చి అంది. వదిన బతిమాలింది, అత్త డబ్బా మీద డబ్బా దించుతూ పోయింది. వదిన ఏడ్చింది, అత్త తూకం వేస్తూ పోయింది. కన్నకూతురి పని పోయేట్టుందంటే కదలని తల్లిని చూసి నాకు ఒళ్లు మండింది. మావయ్య బల్ల మీద "వెళ్లు" అని రాశాడు. అత్త తుడిచేసింది. మళ్లీ రాశాడు. మళ్లీ తుడిచేసింది.

మర్నాడు మధ్యాహ్నం వరస లేని వేళ నేనొక్కణ్నే వెళ్లి స్విచ్చి వేశాను. బల్ల మీద పిండిలో గీత గీసి, పైన కొలిమి తాత, కింద నానమ్మ, ఆ కింద నాన్న, అత్త, ఆ కింద వదిన, నేను, అని చుక్కలు పెట్టాను. చెవి పోయినవాళ్ల చుట్టూ సున్నా చుట్టాను. సున్నాలు మెట్లు దిగినట్టు దిగాయి.

అత్త చాలాసేపు చూసింది. తరవాత, ఆ రొదలో వినపడాలని నేను ఆమె నోటి దగ్గర చెవి పెడితే, "అంటే ముందువాళ్ల పిండి" అంది.

వదిన పేరిట పెట్టిన చుక్క మీద వేలు ఆనించింది.

"ఎవరెవరి డబ్బాలకో మొదటి గుప్పెడు తీసి పారేస్తాను కదరా. కన్నకూతురికి మాత్రం తీయకుండా ఇచ్చేశాను."

అప్పుడు నాకు ఆమె మొండితనం అర్థమైంది. పరీక్షంటే భయం కాదు. చెంపదెబ్బ వల్ల పోయిందైతే ఆ చెవిటితనం ఆమెతోనే ఆగిపోతుంది. రక్తంలోంచి వచ్చిందైతే కూతురి చెవులు తీసింది తానే అవుతుంది. నానమ్మ చెవులు తానే తీసిందని వింటూ పెరిగిన మనిషికి ఇది రెండో జత.

కాలేజీలో నాకు గుర్తుండిపోయిన పాఠం ఒకటే ఉంది, అది పరీక్షలో రాయలేదు. "పిండి కాదత్తా, గింజ" అన్నాను.

"ఏంటి తేడా?"

"పిండి అయితే కలిసిపోవాలి. నానమ్మకు నిండుగా ఉందనుకో, నీకు సగం రావాలి, వదినకు పావు. పోనుపోను పలచబడాలి. నీకేమైనా పలచబడిందా?"

"నాకు అమ్మకంటే ఎక్కువే."

"గింజ కాబట్టి. పలచబడదు. ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు."

తొట్టి అంచున ఉన్న గింజలు తీసి చూపించాను. మనిషికి రెండేసి గింజలు, తల్లి ఇచ్చిందొకటి, తండ్రి ఇచ్చిందొకటి. ఆమెకు నానమ్మ ఇచ్చింది మొక్కజొన్న గింజ, తాతయ్య ఇచ్చింది గోధుమ గింజ. ఆ రెండూ ఆమె గుప్పిట్లో పెట్టి, చెయ్యి వెనక్కి పెట్టుకుని, చూడకుండా ఒకటి నాకివ్వమన్నాను. ఇచ్చింది. గోధుమ. మళ్లీ ఆడించాను. గోధుమ. మళ్లీ. మొక్కజొన్న.

"చూశావా, ఇందులో నువ్వు ఏరింది ఏముంది? చేతికి తగిలింది ఇచ్చావు. నానమ్మా అంతే. నువ్వు పుట్టి ఆవిడ చెవులు తీయలేదు. నువ్వు పుట్టకముందే ఆవిడ గుప్పిట్లో అది ఉంది."

అత్త మొక్కజొన్న గింజను వేళ్ల మధ్య నలిపింది, పిండి మెదిగిందో లేదో చూసినట్టు. "మీ నాన్నకో?" అంది.

"తెలీదు. గోధుమే దిగి ఉండొచ్చు. మొక్కజొన్న దిగినా బయటపడకపోయి ఉండొచ్చు. ముప్పై ఏళ్లుగా రాళ్ల మీద సుత్తితో మోదుతున్నాడు, పక్క గదిలో సూది పడినా లేస్తాడు. సుత్తి వల్ల చెవి పోతుందన్నదీ అబద్ధమేనేమో, కనీసం మన ఇంట్లో."

"మరి నీకో?"

"నాకూ తెలీదు. పోతే నీ మర నాకు రాసిచ్చెయ్. చెవిటివాడికి ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదు."

"మర తిప్పాలంటే ఒకచోట కుదురుగా నిలబడాలి. నీ వల్ల కాదు" అని స్విచ్చి ఆపేసింది. సోమవారం మర మూసి ఆసుపత్రికి వచ్చింది. పని రోజున ఆ తలుపు మూసి ఉండటం చూసి ఇస్త్రీ కొట్టువాడు ఎవరైనా పోయారేమోనని ఇంటికొచ్చి అడిగి వెళ్లాడు.

చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినిపిస్తే బొత్తాం నొక్కమన్నారు. పరీక్ష చేసే అమ్మాయి అద్దానికి ఇవతల ఒకదాని తరవాత ఒకటి చప్పుళ్లు పంపిస్తోంది. అత్త కాసేపు మర్యాదగా కూర్చుని, తలుపు తోసుకుని బయటకు వచ్చింది. "అమ్మాయ్, మిషను వేసినట్టు లేదు, చూసుకో" అంది. వదిన నవ్వు ఆపుకోలేక బయటకు వెళ్లిపోయింది.

తరవాత చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్ల లాంటిది ఆనించారు. అది చప్పుడును ఎముకలోంచి నేరుగా లోపలికి పంపుతుంది, బిగుసుకున్న చోటుతో పని లేకుండా. అత్త ఉలిక్కిపడింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆమె ఉలిక్కిపడటం నేను పుట్టాక చూడలేదు. బొత్తాం నొక్కింది. మళ్లీ నొక్కింది. ఆమె మొహంలో వెలుగు వచ్చింది, ఆ అమ్మాయి ఇక చాలన్నా బొత్తాం వదల్లేదు.

డాక్టరు కాగితాలు చూసి, కూతురిదీ తల్లిదీ ఒకటే లోపమని చెప్పింది. ఇద్దరికీ నరం బాగుంది కాబట్టి మిషను బాగా పనిచేస్తుందంది. తరవాత గొంతు పెంచి అత్తను అడిగింది, "మీకు కుడి చెవి ఎక్కువ పోయింది. మొదట్లో పోయింది కూడా కుడిదేనా?"

అత్త "ఆ, ఆ" అంది. వినిపించని ప్రతి మాటకూ ఆమె ఇచ్చే జవాబు అదే. అందుకని డాక్టరు పట్టించుకోలేదు, వదిన పట్టించుకోలేదు. నేను మాత్రం బస్సులో ఇంటికొచ్చేదాకా నాన్న చెయ్యి గాల్లో ఊగడం గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. కుడి చెయ్యి. ఎదుటి మనిషి ఎడమ చెంప.

వదిన పది రోజుల్లో చెవి మిషనుతో కౌంటరు మీద నిలబడింది. షాపులో ఫ్రిజ్ ఇన్నాళ్లూ మూలుగుతోందని తనకు ఎవరూ చెప్పలేదని అందరితో పోట్లాడింది. పంటి నొప్పాయన మళ్లీ వస్తే "కంటికాండీ?" అని తనే అడిగిందట. రేపు పిల్లల్ని కంటే వాళ్లకు వస్తుందేమోనని ఒకరోజు నాతో అంది. వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు, వస్తే మాత్రం ముందే చూపించు, చెంపదెబ్బ కోసం వెతుక్కోకు అన్నాను.

అత్తకూ మిషను ఇచ్చారు. మర దగ్గర అది పెట్టుకుంటే తలలో రాళ్లు తిరుగుతున్నట్టుందని అక్కడ తీసేసి డబ్బాలో దాచుకుంటుంది, ఇంట్లో పెట్టుకుంటుంది. మొదటి రోజు మావయ్య ఎదురుగా కూర్చుని, ఇన్నేళ్ల తరవాత ఏం మాట్లాడాలో తోచక, చాలాసేపు ఆలోచించి, "వాన వచ్చేట్టుంది" అన్నాడు. అత్తకు మొదటిసారికే వినిపించింది. వాన మాత్రం రాలేదు.

ఆదివారం నాన్న ఉలి సంచీ భుజాన వేసుకుని బయల్దేరితే వెనకే నేనూ వెళ్లాను. రాళ్లు విప్పి చూస్తే కొట్టడానికి ఏమీ లేదు, వారం క్రితం కొట్టిన గంట్లు అలాగే ఉన్నాయి. అయినా నాలుగు దెబ్బలు వేసి బిగించాడు. అత్త స్విచ్చి వేసింది. రాళ్లు సరిగా కూర్చున్నాయో లేదో చూడటానికి అనుకున్నాం. ఆమె నాన్న ముందుకొచ్చి నిలబడి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మర మాట.

నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏంటీ?" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. "ఏంటే, వినపడట్లా" అన్నాడు. మామూలు చెవులున్నవాడు కదా, ఆ రొదలో ఆయనకేం వినిపిస్తుంది? పెద్ద సంగతులన్నీ మేము ఆమెకు చెప్పడానికే ఆ మర వేశాం గాని, ఆమె మాకు చెప్పిన పెద్ద సంగతి ఇంతవరకూ లేదు.

అత్త వెళ్లి స్విచ్చి ఆపేసింది. రాళ్లు నెమ్మదించి ఆగేదాకా నిలబడింది. ఆ నిశ్శబ్దంలో తన మాట తనకే సరిగా వినిపించదు కాబట్టి, వీధంతా వినేంత గట్టిగా చెప్పింది.

"నీ చెయ్యి పడింది ఎడమ చెంప మీద అన్నయ్యా. నాకు ముందు పోయింది కుడి చెవి. నాకు అప్పుడే తెలుసు."

నాన్న తన అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"అమ్మ చెవులు నేను తీశానన్న మాట చిన్నప్పటి నుంచి మోశాను, అది ఎంత బరువో నాకు తెలుసు. తెలిసి కూడా నీతో మోయించాను. నువ్వు పెళ్లయ్యి వేరే వీధికి వెళ్లిపోయావు. ఆ దెబ్బ పేరు చెప్పుకుని ఆదివారం వచ్చేవాడివి. కాదని చెబితే రావేమోనని చెప్పలేదు."

నాన్న ఉలి సంచీ మూతి బిగించాడు. తరవాత మామూలు గొంతుతో, నేల చూస్తూ అన్నాడు, "అయితే ఇక నేను రానవసరం లేదన్నమాట."

మిషను డబ్బాలో ఉంది. అత్తకు ఏమీ వినిపించలేదు. పెదాలు చూద్దామన్నా ఆయన తల దించుకుని ఉన్నాడు. "ఆ, ఆ" అంది.

నాన్న మొహం చూసి నేను ఇక ఉండబట్టలేక వెళ్లి స్విచ్చి వేశాను. "మళ్లీ అడుగు నాన్నా, గట్టిగా అడుగు" అని ఆయన చెవిలో అరిచాను. అడిగాడు, మెడ నరాలు తేలేలా.

అత్తకు వినిపించింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని ఆయన్ని కిందా పైనా చూసింది.

"రాకపోతే రాళ్లెవరు కొడతారు? మన నాన్న లేచొచ్చి కొడతాడా?"

ఈ మాట ఎంత గట్టిగా అందంటే నాన్నకు కూడా వినిపించింది. తొట్టిలో రెండు దోసిళ్లు గోధుమలు పోసి, దిగిన మొదటి గుప్పెడు పాత డబ్బాలో వేసి, రెండోది నాన్న అరచేతిలో పోసింది. ఆయన వేళ్ల మధ్య నలిపి చూసి, మెత్తగా ఉందని తలూపాడు.

తరవాతి ఆదివారం నాన్న మామూలు వేళకే వెళ్లాడు. ఉలి సంచీ మాత్రం ఇంట్లో మరచిపోయాడు.